ఒలింపిక్ ఐస్ మీద స్పీడ్ స్కేటింగ్ నేర్చుకోవడం – నా అనుభవం

సాల్ట్ లేక్ సిటీకి నైరుతి దిక్కున కర్న్స్ అనే ఊళ్లో యూటా ఒలింపిక్ ఓవల్ అనే ఐస్ స్టేడియం ఉంది. 2002 వింటర్ ఒలింపిక్స్‌లో స్పీడ్ స్కేటింగ్ పోటీలు ఇక్కడే జరిగాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ ప్రాంతం సైనిక వైమానిక శిక్షణ కేంద్రం. ఇప్పుడు చుట్టూ మామూలు ఇళ్లు, స్కూళ్లు, పిజ్జా షాపులు. వాటి మధ్య రెండు వైపులా ఎత్తైన ఉక్కు స్తంభాలు, వాటినుంచి దిగిన లావాటి కేబుల్స్, ఆ కేబుల్స్ పట్టుకుని ఉన్న కప్పు కనిపిస్తాయి. లోపల ఒక్క స్తంభం కూడా అడ్డు లేదు. కప్పుని కేబుల్స్‌తో వేలాడదీయడం వల్ల దాన్ని తక్కువ ఎత్తులో ఉంచగలిగారు. దాంతో చల్లబరచాల్సిన గాలి, అదుపులో పెట్టాల్సిన తేమ రెండూ తగ్గాయి. ఆ భవనం లోపల నేను నలభై దాటాక స్పీడ్ స్కేటింగ్ నేర్చుకున్నాను. ఇంకా నేర్చుకుంటున్నాను.

మా ఇంట్లో ఇది మొదలుపెట్టింది మా అబ్బాయి. వాడి క్లాస్ జరుగుతున్నంతసేపూ ఐస్ ట్రాక్ చుట్టూ ఉన్న 442 మీటర్ల రన్నింగ్ ట్రాక్ మీద నేను నడిచేదాన్ని. నడుస్తూ నడుస్తూ చూపంతా ఐస్ మీదే ఉండేది. అరవై దాటిన ఒకాయన వీపు మీద చేతులు కట్టుకుని, వంగి, ఏ హడావిడీ లేకుండా ల్యాప్ తర్వాత ల్యాప్ కొట్టేవారు. ఆయన పక్కనుంచే జాతీయ జట్టు వాళ్లు దూసుకుపోయేవారు. ఇద్దరికీ అదే ఐస్. పెద్దవాళ్లకి కూడా మొదటి మెట్టు క్లాసులున్నాయని కౌంటర్ దగ్గర చెప్పారు. పేరు రాయించేశాను. అద్దె స్కేట్స్, హెల్మెట్, గ్లవ్స్ ఉంటే చాలు. గ్లవ్స్ చలికి మాత్రమే కాదు, పడినప్పుడు ఎవరి బ్లేడూ చేతికి తగలకుండా కూడా.

విశాఖలో అమ్మకి వీడియో కాల్‌లో చెప్తే, "ఎందుకమ్మా ఇప్పుడు? మోకాళ్లు జాగ్రత్త. తమ్ముడు పడినప్పుడు చూశావుగా" అంది. తమ్ముడు చిన్నప్పుడు వుడా పార్క్ రింక్‌లో రోలర్ స్కేటింగ్ నేర్చుకున్నాడు. వాడి షూ లేసులు కట్టి గట్టు మీద కూర్చోవడం నా డ్యూటీ. మన దగ్గర చక్రాల స్కేటింగ్‌కి మంచి చరిత్రే ఉంది. హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యమ 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు గెలిచాడు. చక్రాల నుంచి ఐస్‌కి రావడం ప్రపంచంలో కొత్తేమీ కాదు. ఇదే ఓవల్‌లో 2002లో 1500 మీటర్ల స్వర్ణం గెలిచిన అమెరికన్ డెరెక్ పారా కూడా ముందు ఇన్‌లైన్ స్కేటరే. హోమ్ డిపో అనే దుకాణంలో ఉద్యోగం చేస్తూ సాధన చేసి, 1 నిమిషం 43.95 సెకన్ల ప్రపంచ రికార్డుతో గెలిచాడు. నాకు మాత్రం చక్రాల అనుభవం కూడా లేదు. మా కోచ్ అదే మంచిదంది. మార్పించాల్సిన అలవాట్లు ఉండవట.

మొదటి రోజు ఐస్ మీదకి వెళ్లకముందే రబ్బరు నేల మీద నిలబెట్టి వంగమంది. తొడలు నేలకి దాదాపు సమాంతరంగా రావాలి, వీపు గుండ్రంగా ఉండాలి, తల కాస్త పైకి, బరువు పాదం మధ్యలో. స్కూల్లో హోంవర్క్ చేయనివాళ్లకి వేయించే గోడకుర్చీ గుర్తుందా? అచ్చం అదే, గోడ లేకుండా. ఆ భంగిమలో నిలబడి కబుర్లు చెప్పమంది. నిమిషం తిరగకముందే అందరి మాటలూ ఆగిపోయాయి. అక్కడినుంచి అలాగే వంగి ఒక్కో అడుగూ పక్కకి వేస్తూ హాలు ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించింది. స్పీడ్ స్కేటర్ల తొడలు అంత బలంగా ఎందుకుంటాయో ఆ రోజే తెలిసింది. లేచి నిలబడితే గాలి ఛాతీకి కొడుతుంది, తోపు (కాలితో ఐస్‌ని నెట్టడం) కూడా పొట్టిదైపోతుంది. వంగి ఉంటే కాలు చాచడానికి చోటుంటుంది. ఎంత కిందకి వంగితే తోపు అంత పొడుగు.

తర్వాత పడడం నేర్పింది. వెనక్కి కాకుండా పక్కకి, తుంటి మీదకి పడాలి. పడ్డాక చేతులు దగ్గరకి లాక్కుని, బ్లేడ్లు ఐస్‌కి పట్టుకోకుండా కాళ్లు పైకెత్తి, జారిపోనివ్వాలి. ట్రాక్ బయటి అంచున మందపాటి మెత్తలుంటాయి, అవి ఆపుతాయి. పెద్దవాళ్ల క్లాసులో అందరి టెన్షనూ దీని గురించే కాబట్టి, దీన్ని ముందే నేర్పడం ఎంత మంచి పద్ధతో!

ఐస్ మీద అసలు చిక్కు తోపు దగ్గర వచ్చింది. నడకలో, పరుగులో మనం వెనక్కి నెట్టి ముందుకి పోతాం. ఇక్కడ బ్లేడ్ పొడుగ్గా, తిన్నగా ఉంటుంది, వెనక్కి నెడితే కాలి మునివేళ్ల దగ్గర జారిపోతుంది. పూర్తిగా పక్కకి నెట్టాలి. పక్కకి నెడితే ముందుకెలా పోతామని బుర్రకి అనుమానం. కోచ్ పదే పదే ఒకటే చెప్పేది: ముక్కు, మోకాలు, బొటనవేలు ఒకే గీతలో ఉండాలి. అంటే ఒళ్లంతా ఒక కాలి మీదకి పూర్తిగా రావాలి. ఆ కాలి మీద జారుతూ ఉండగా రెండో కాలు పక్కకి నెట్టి, వెనకనుంచి నెమ్మదిగా తిరిగి కిందకి చేరాలి.

నాకు నెలలు పట్టింది ఇక్కడే. ఒంటికాలి మీద జారుతూ ఉండాలంటే ఆ కాలిని నమ్మాలి. ఎడమ కాలు త్వరగానే మాట విన్నది. కుడి కాలు మీద బరువు వేయగానే భయంతో రెండో కాలు దించేసేదాన్ని. ఒక రోజు కోచ్ నా ముందు వెనక్కి స్కేట్ చేస్తూ, "దించొద్దు, ఇంకా దించొద్దు, ఇంకా" అంటూ స్ట్రెయిట్ (ట్రాక్‌లో మలుపు లేని భాగం) సగం దాకా తీసుకెళ్లింది. కింద బ్లేడ్ చప్పుడు మారింది. అంతకుముందు గీరుతున్నట్టుండే శబ్దం సన్నబడి దాదాపు పోయింది. బ్లేడ్ అంచు మీద కాకుండా నిటారుగా, తిన్నగా నిలబడితే వచ్చే నిశ్శబ్దం అది. ఆ తర్వాత నేను కళ్లతో కంటే చెవులతోనే ఎక్కువ నేర్చుకున్నాను.

బ్లేడ్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చిన పని దానికి సాన పట్టడం. స్పీడ్ స్కేట్ బ్లేడ్ మందం సుమారు 1 మిల్లీమీటరు, పొడవు షూ కంటే ఎక్కువ. హాకీ బ్లేడ్‌కి కింద మధ్యలో గాడి ఉంటుంది. దీనికి ఉండదు, అడుగు చదునుగా ఉండి రెండు వైపులా లంబకోణంలో అంచులుంటాయి. రెండు స్కేట్లనీ తలకిందులుగా జిగ్ అనే ఒక చట్రంలో పక్కపక్కనే బిగిస్తారు. పొడుగాటి సానరాయిని రెండు బ్లేడ్ల మీదా ఒకేసారి, ఒత్తిడి మారకుండా రుద్దాలి. కాసేపటికి అంచు పక్కన కంటికి కనపడని పొర లేస్తుంది. గోటిని బ్లేడ్ పక్కనుంచి పైకి జరిపితే గరుగ్గా తగులుతుంది. ఆ పొర చివరిదాకా సమానంగా లేచిందంటే సాన అంతటా పట్టినట్టు. చిన్న రాయితో పక్కలు రుద్ది దాన్ని తీసేస్తే, గోరు మీద అంచుని తేలిగ్గా ఆనించినా సన్నటి తెల్లపొడి రాలుతుంది. అప్పుడు పూర్తయినట్టు. యంత్రం మీద పెట్టించుకోవడం కాదు, ఇక్కడ పిల్లలు కూడా ఎవరి బ్లేడ్లకి వాళ్లే సాన పట్టుకుంటారు. మా అబ్బాయీ నేనూ శనివారం రాత్రి డైనింగ్ టేబుల్ మీద పాత టవల్ పరిచి ఈ పని చేస్తాం. ఫోన్ చూడకుండా వాడు నాతో మాట్లాడే సమయం కూడా అదే.

ఇక ఐస్ సంగతి. ఓవల్ వాళ్లు తమది భూమ్మీద అన్నిటికంటే వేగమైన ఐస్ అని చెప్పుకుంటారు. అది ప్రచారం కోసం చెప్పుకునే మాట కాదు, దానికి కారణాలున్నాయి. కర్న్స్ సముద్ర మట్టానికి 1,425 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గాలి సాంద్రత తీరప్రాంతం కంటే దాదాపు ఏడో వంతు తక్కువ. స్పీడ్ స్కేటర్‌కి అతి పెద్ద అడ్డంకి గాలే కాబట్టి అక్కడే సెకన్లు మిగులుతాయి. ఈ విషయంలో దీనికి గట్టి పోటీ 1988 ఒలింపిక్స్ కోసం కెనడాలో కట్టిన కాల్గరీ ఓవల్. అది కూడా వెయ్యి మీటర్ల పైన ఎత్తులోనే ఉంది.

కానీ ఎత్తు ఒక్కటే కాదు. ఐస్ కింద కాంక్రీటు, దాని లోపల చల్లటి ద్రవం తిరిగే పైపులు మైళ్ల పొడవున ఉన్నాయి. ఆ కాంక్రీటు చదునులో తేడా వస్తే పైన ఐస్ ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా తయారై, గట్టిదనం మారిపోతుంది. 2000లో మొదటిసారి కాంక్రీటు పోసినప్పుడు లోపలి పైపులు కొన్ని కదిలిపోయాయని తేలితే, దాన్ని తీసేసి మళ్లీ పోశారు. ఒలింపిక్స్ ముంగిట అంత పని తిరిగి చేయడానికి ఒప్పుకున్నారంటే, ఆ పట్టింపుకి నేను దండం పెడతాను. పైన ఐస్ మందం రెండు, మూడు సెంటీమీటర్లకి మించదు. శుద్ధి చేసిన నీటిని పల్చటి పొరలుగా చల్లుతూ, ఒక పొర గడ్డకట్టాక ఇంకో పొర వేస్తూ పెంచుతారు. నీళ్లలో లవణాలు ఉన్నా, గాలి బుడగలు చిక్కుకున్నా ఐస్ మెత్తబడుతుంది. ఐస్ ఎంత చల్లగా ఉంటే అంత గట్టి, కానీ మరీ చల్లబడితే జారుడు తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే పైన సన్నగా తెల్లటి గరుకు పేరుకుని బ్లేడ్‌ని పట్టేస్తుంది. యూటా ఎడారి గాలి పొడిగా ఉండడం ఆ విషయంలో కలిసొచ్చింది.

క్లాసు మధ్యలో ఐస్ మళ్లీ వేయడానికి జాంబోని అనే బండి వచ్చేది. మామూలుగా అందరూ ఆ విరామంలో నీళ్లు తాగి ఫోన్ చూసుకుంటారు. నేను అంచు దగ్గర నిలబడి చూసేదాన్ని. ముందు కత్తి పై పొరని చెక్కి పొడిని లోపలికి లాక్కుంటుంది, వెనక గుడ్డ వేడి నీటిని పల్చగా పరుస్తుంది. వేడి నీళ్లలో కరిగిన గాలి తక్కువ, పైగా పాత గీతల్లోకి బాగా దిగి అతుక్కుంటుంది. ఒకసారి బండి నడిపే ఆయన దిగి, మలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఎవరో పడినచోట ఏర్పడిన గుంటలో తడి ఐస్ పొడి కూరి, అరచేత్తో నొక్కి, పైన సాపు చేశాడు. రికార్డుల పక్కన ఆయన పేరు ఎక్కడా ఉండదు. 2002లో ఇక్కడ జరిగిన 10 పోటీల్లో 8 ప్రపంచ రికార్డులతోనే ముగిశాయి, రికార్డు లేకుండా మిగిలినవి పురుషుల, స్త్రీల 500 మీటర్ల పోటీలే. 10,000 మీటర్లలో నెదర్లాండ్స్ స్కేటర్ యోఖెం ఔట్‌డెహాహె 12 నిమిషాల 58.92 సెకన్లతో తొలిసారి 13 నిమిషాల గీత దాటాడు. ఆ అంకెల్లో కొంత భాగం ఇలా మోకాళ్ల మీద కూర్చున్నవాళ్లది.

ఎత్తుకి ఇంకో ముఖం ఉంది, అది నాలాంటి సముద్రం ఒడ్డున పెరిగినవాళ్లకి బాగా తెలుస్తుంది. గాలి పల్చగా ఉంటే అడ్డూ తక్కువే, ఊపిరీ తక్కువే. గట్టిగా రెండు ల్యాపులు కొట్టి ఆగాక గొంతు పొడిబారి, సాయంత్రం దాకా పొడి దగ్గు వదలదు. ఛాంపియన్లకి కూడా ఈ దగ్గు మామూలేనని విని ధైర్యం తెచ్చుకున్నాను. ఇంటికొచ్చాక మా ఆయన మిరియాల చారు పెట్టి ఇచ్చేవారు. అది నిజంగా పనిచేసింది.

స్ట్రెయిట్‌లో కాస్త కుదురుకున్నాక మలుపులు మొదలయ్యాయి. ఎప్పుడూ ఎడమవైపే తిరుగుతాం, కుడికాలు ఎడమకాలి మీదుగా దాటాలి. ముందు నేల మీద నేర్పారు. నడుముకి పొడుగాటి పట్టీ చుట్టి, రెండో కొస కోచ్ పట్టుకుంటుంది. నేను ఎడమవైపు పడిపోతానేమో అనిపించేంత వాలి, ఆ పట్టీ మీద బరువు వదిలేసి, అక్కడక్కడే కాళ్లు దాటించాలి. పట్టీ వదిలితే పడిపోవడం ఖాయం. ఐస్ మీద ఆ పట్టీ పని మలుపులో వేగం చేస్తుంది. అందుకే నెమ్మదిగా వెళ్తే మలుపు కష్టం, వేగంగా వెళ్తే తేలిక. ఇది చెప్తే నమ్మలేదు, చేస్తేనే నమ్మాను. అందరూ కుడికాలు దాటించడం మీదే దృష్టి పెడతారు గానీ అసలు బలం ఎడమకాలిది. అది ఒంటి కిందనుంచి కుడివైపుకి నెట్టాలి. రోజువారీ జీవితంలో ఆ కదలిక మనం ఎప్పుడూ చేయం, అందుకని ఆ కండరం ఒకటుందనే నాకు తెలియదు.

క్లాప్ స్కేట్స్ నాకు ఆ తర్వాత ఇచ్చారు. వీటిలో బ్లేడ్ మడమ దగ్గర ఊడి, పాదం ముందు భాగంలో కీలు మీద తిరుగుతుంది. మడమ లేచినా బ్లేడ్ ఇంకా ఐస్ మీదే ఉంటుంది, తోపు చివరిదాకా అందుతుంది. తర్వాత స్ప్రింగ్ లాగితే బ్లేడ్ టక్కుమని షూకి తగులుతుంది. నెదర్లాండ్స్‌లో పరిశోధకులు రూపొందించిన ఈ స్కేట్స్ 1998 నగానో ఒలింపిక్స్‌తో అందరి కాళ్లకీ వచ్చేశాయి. మొదట్లో మడమ కింద ఏమీ లేనట్టు అనిపించి కంగారు పుట్టింది. కొన్ని క్లాసులకి అలవాటైంది.

సీజన్ చివర్లో క్లబ్ వాళ్లు పెట్టే టైమ్ ట్రయల్‌లో 500 మీటర్లకి పేరిచ్చాను. స్టార్ట్ నుంచి 100 మీటర్లు, తర్వాత ఒక పూర్తి ల్యాప్. ఇద్దరిద్దరు చొప్పున పోటీపడతారు. లోపలి లేన్ దూరం తక్కువ కాబట్టి, అవతలి స్ట్రెయిట్‌లో ఇద్దరూ లేన్లు మార్చుకోవాలి. ఇద్దరూ ఒకేసారి అక్కడికి చేరితే బయటి లేన్ నుంచి వచ్చేవాళ్లకే దారి. నా జోడీ ఒక రిటైర్డ్ టీచరమ్మ. ఆమె లోపల, నేను బయట. "దారి నీదే, నా గురించి ఆలోచించకు" అని స్టార్ట్ లైన్ దగ్గరే చెప్పింది. గన్ మోగాక మొదటి మలుపు దాకా కాళ్లు పొట్టి పొట్టి అడుగులే వేశాయి. అవతలి స్ట్రెయిట్‌లో ఆమె నాకంటే చాలా ముందే దాటేసింది, కాబట్టి దారి గొడవే రాలేదు. రెండో మలుపులో మొదటిసారి పట్టీ మీద వాలినట్టు వాలగలిగాను. "అమ్మా, వంగు! వంగు!" అని మా అబ్బాయి తెలుగులో అరుస్తుంటే చుట్టుపక్కల వాళ్లు కూడా అందుకున్నారు. పలకడం రాకపోయినా "వంగు, వంగు" అన్నారు.

బోర్డు మీద 1 నిమిషం 11 సెకన్ల చిల్లర. ఇదే ఐస్ మీద 2019 మార్చిలో రష్యన్ స్కేటర్ పావెల్ కులిజ్నికోవ్ అదే దూరాన్ని 33.61 సెకన్లలో ముగించాడు. అతను గీత దాటే సమయానికి నేను సగం దూరంలో ఉంటానన్నమాట. ఒలింపిక్ స్కేటర్ల వేగం ఏమిటో టీవీలో తెలియదు. అదే ట్రాక్ మీద మన కాళ్లతో కొలుచుకుంటే తెలుస్తుంది. అందుకే ఈ భవనం అంటే నాకింత ఇష్టం. కొన్ని వారాల పోటీల కోసం కట్టి తాళం వేసిన స్టేడియాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. దీన్ని యూటా ఒలింపిక్ లెగసీ ఫౌండేషన్ నడుపుతోంది. ట్రాక్ మధ్యలో ఉన్న రెండు ఐస్ రింకుల్లో హాకీ, ఫిగర్ స్కేటింగ్ పిల్లలు, చుట్టూ నడిచే పెద్దవాళ్లు, మధ్యాహ్నం స్కూల్ పిల్లల బస్సులు. 2034 వింటర్ ఒలింపిక్స్ మళ్లీ యూటాకే వచ్చాయి. కొత్త చోట మళ్లీ మొదటినుంచి కట్టే బదులు, ఇన్నేళ్లూ జనం వాడుతూ బతికించుకున్న చోటికి తిరిగి రావడం ఎంత సబబో!

టైమ్ ట్రయల్ అయ్యాక కోచ్ నా వీడియో చూపించింది. కుడి తోపు ఎడమ తోపు కంటే పొట్టిగా ఉంది, మలుపులోంచి బయటికి వస్తూ లేచి నిలబడుతున్నాను. వేసవిలో ఇంటి దగ్గర చేయడానికి ఒంటికాలి బస్కీలు, నున్నటి పలక మీద సాక్సులతో అటూ ఇటూ జారే కసరత్తు రాసిచ్చింది. వచ్చే సీజన్‌కి 1000 మీటర్లు ప్రయత్నించమంది. అంటే రెండున్నర ల్యాపులు, రెండుసార్లు లేన్ మార్పు.

ఇటువైపు ఉండే తెలుగువాళ్లలో ఎవరికైనా ఆసక్తి ఉంటే, ముందు ఒకరోజు ఊరికే వచ్చి రన్నింగ్ ట్రాక్ మీద నడుస్తూ చూడండి. నచ్చితే మొదటి మెట్టు క్లాసులో చేరండి, స్కేట్స్ కొనకండి, అద్దెవి చాలు. పల్చటి సాక్సులు వేసుకోండి, మందపాటివి వేస్తే షూలో పాదం కదిలి అదుపు పోతుంది. లేసులు చీలమండ దగ్గర గట్టిగా, వేళ్ల దగ్గర కాస్త వదులుగా కట్టుకోండి. వార్మప్‌కి లోపలి అంచున ఉన్న లేన్ వాడండి, వెనకనుంచి "ట్రాక్!" అని ఎవరైనా అరిస్తే తిరిగి చూడకుండా, పక్కకి తప్పుకోకుండా, మీ గీతలో మీరు తిన్నగా వెళ్లండి. వాళ్లే దాటుకుని వెళ్తారు.